కిలో దాటిన రోజు

మార్చి పదకొండు, బుధవారం. ఉదయం పదిన్నర. సమాధుల తోట. హాజరైనవారు: పాస్టరు గారు, చనిపోయినావిడ మనుమరాలు, మనుమరాలి భర్త, మా ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆరుగురు, గొయ్యి తవ్విన ఇద్దరు, నేను. వీరు కాక మనుమరాలి చంకలో పాప. వయసు ఏడాదిన్నర. చూపు లేదు.

పాపకు చూపు లేకపోవడంలో నా పాలు ఉంది. ఆ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమెను పూడ్చిపెట్టాక నా ఒక్కడికే మిగిలింది.

పెట్టె మూసే ముందు ఆమె చేతులు చూశాను. వేళ్ళ కొసలు ఎర్రగా కంది, గోళ్ళ పక్కన చర్మం లేచి ఉంది. మిరపకాయల తొడిమలు తీసిన చేతులు. పల్నాడులో ఏ కూలి మనిషి చేతులైనా ఎండాకాలంలో అలాగే ఉంటాయి. ఆమె చేతులు మాత్రం అలా ఉండకూడదు.

నేను పల్నాడులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. ఆ ఊరి పేరు రాయను. ఆమె పేరూ రాయను. కాన్పుల గదిలో ఆయాగా ఉండేది. డాక్టర్ల నుంచి స్వీపర్ల దాకా అందరూ ఆయమ్మా అనే పిలిచేవారు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. పొట్టి మనిషి, వెడల్పయిన చేతులు. ఆ చేతులకు ఆమె చేసుకున్న సేవ ఇంక దేనికీ చేసుకోలేదు. ఆదివారం ఆదివారం గోళ్ళు తీసుకునేది. గాజులు వేసుకునేది కాదు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకునేది. అన్నిటికీ మించి, కారం ముట్టుకునేది కాదు.

పల్నాడులో పుట్టి కారం ముట్టకపోవడమంటే నవ్వులాట కాదు. ఇంట్లో పచ్చడి నూరేది ఆమె కూతురు. అన్నంలోకి ఆవకాయ వేసుకుంటే చెంచాతో కలుపుకొని చెంచాతోనే తినేది. మధ్యాహ్నం టిఫిను డబ్బాల దగ్గర నర్సులు ఏడిపించేవారు.

"ఏంది ఆయమ్మా, కలెక్టరు గారి భార్యవా, చెంచాతో తింటన్నావు?"

"మీ చేతులతో మీ మొగుళ్ళ చెంపలు నిమురుతారే. నా చేతులు ఎవర్ని ఎత్తుకుంటయ్యో తెలిసి మాట్లాడండి. ఆ తోలు ఉల్లిపొర అంత ఉండదు. కారం చెయ్యి తగిల్తే ఊడొచ్చుద్ది."

ఆమె చెప్పింది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి. కిలో, కిలో లోపు. ఇప్పుడు గాజు పెట్టెలు, ఊపిరి మిషన్లు, గుండె కొట్టుకునేది చూపించే తెరలు వచ్చాయి. నలభై ఏళ్ళ కిందట మా దగ్గర ఉన్నవి ఒక చెక్క పెట్టె, అందులో వెలిగే నలభై వాట్ల బల్బు, వేడినీళ్ళ రబ్బరు సంచి, ఆయమ్మ. గింజ తీసిన పత్తి జిన్నింగు మిల్లు నుంచి ఆమే అడిగి తెచ్చేది. ఎండలో ఆరబెట్టి, చేత్తో ఏకి, బిడ్డ ముక్కూ నోరూ తప్ప ఒళ్ళంతా పొదిగేది. ఎత్తుకునే ముందు రెండు చేతులూ తన పొట్టకు ఆనించి వెచ్చబెట్టుకునేది. చల్లటి చేత్తో ఎవరైనా ముట్టబోతే మోచేత్తో నెట్టేసేది, డాక్టరయినా సరే.

ఆమె ఏ బిడ్డనూ చిన్నది అనలేదు. తొందరపడింది అనేది. "లోపల ఇద్దరు తొందరపడ్డోళ్ళున్నారు, తలుపు మెల్లగా వెయ్యండి." బయట బెంచీ మీద కూర్చున్న తండ్రులు లేచి, బతుకుతుందా ఆయమ్మా అని అడిగితే అవుననీ కాదనీ చెప్పేది కాదు. "ఈ పూటకి ఉంది" అనేది. మధ్యాహ్నం అడిగినా అదే, మర్నాడు పొద్దున అడిగినా అదే. ఇంక ఆ మాట చెప్పనవసరం లేని పూట వస్తే తలుపు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపేది. కిలో లోపు బిడ్డల దగ్గర ఆ పూట తొందరగానే వచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్ళలో అటువంటి బిడ్డ తల్లి ఒళ్ళో ఇంటికి వెళ్ళడం రెండే రెండుసార్లు చూశాను.

ఆమె చేతికి ఇంకో విద్య ఉండేది. బిడ్డను అరచేతిలోకి తీసుకొని, కళ్ళు మూసుకొని, బరువు చెప్పేది. "తొమ్మిదొందల ఇరవై." తర్వాత నర్సు త్రాసులో పెడితే పది, ఇరవై గ్రాముల తేడా. ఒకసారి యాభై గ్రాములు తేడా వస్తే, త్రాసు తప్పని పట్టుబట్టింది. బాగుచేసేవాడు వచ్చి చూస్తే త్రాసు తప్పే. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. రైతుబజారులో సొరకాయ చేత్తో ఎత్తి బరువు చెప్పేసేది. కూరగాయలతను దండం పెట్టేవాడు.

"పెద్దమ్మా, నువ్వొస్తే నా కాటా వణుకుద్ది. వేరే కొట్టుకి పోరాదా?"

"వణకనీరా. వణికితేనన్నా నిజం చెప్పుద్ది."

ఇంక నా సంగతి రాయాలి. కాన్పుల రిజిస్టరు నా దగ్గర ఉండేది. నాకు ముందున్న గుమాస్తా నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. కిలో లోపు పుట్టిన బిడ్డను రిజిస్టరులో వెంటనే రాయకూడదు. రాస్తే పుట్టినట్టు ఒక వరుస, పోయినట్టు ఇంకో వరుస. నెలాఖరు రిపోర్టులో మరణాల గడి పెరుగుతుంది, పైనుంచి మెమో వస్తుంది. అందుకని ఆగేవాళ్ళం. బిడ్డ పోతే రాసే పనే లేదు. బతికి కిలో దాటితే, దాటిన రోజునే పుట్టినట్టు తేదీ వేసి రాసేవాళ్ళం. తప్పని నాకు తెలుసు. నేను మొదలుపెట్టింది కాదు, అంతే.

దుర్గిలో రాళ్ళు చెక్కే ఒకతని భార్యకు ఏడో నెలలో కాన్పయింది. మగబిడ్డ. ఆయమ్మ చేతి లెక్క ఎనిమిది వందల ఎనభై. మూడు రోజులు బతికాడు. ఆ మూడు రోజులూ ఆమె ఇంటికి పోలేదు. పెట్టెలో బల్బు మాడిపోతే రవికె ముడి విప్పి రొమ్ముల మధ్య పత్తిలో పెట్టుకొని గోడకానుకొని కూర్చుంది. నాలుగో రోజు ఆ తండ్రి నా బల్ల దగ్గరికి వచ్చాడు. వేళ్ళ సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది.

"సార్, బిడ్డ పుట్టినట్టు ఒక కాగితం ఇయ్యండి. ఇంకేం వద్దు. మా అమ్మ నమ్మట్లా. చచ్చిన బిడ్డను కన్నదని నా భార్యను ఆడిపోసుకుంటంది. కాగితం చూపిస్తే నోరు మూసుద్ది."

రిజిస్టరులో లేదు, ఇవ్వడం కుదరదు అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా వింది. లోపలికి వచ్చింది.

"మూడు రోజులు నా ఒంటి మీద ఊపిరి పీల్చాడయ్యా. పుట్టకుండానే పీల్చాడా?"

"కిలో లేడు కదా ఆయమ్మా."

"నువ్వు పుట్టినప్పుడు ఎంతున్నావు?"

"తెలియదు."

"మరి నిన్నెవరు రాశారు?"

ఆనాటి నుంచి నన్ను కిలో గుమాస్తా అని పిలవడం మొదలుపెట్టింది. మొదట కోపంతోనే పిలిచింది. ఏళ్ళు గడిచేసరికి అది వరసలాగా అయిపోయింది. ఆ రోజు డైరీ ఇప్పుడు తీసి చూశాను. "సాయంత్రం వాన. కల్లాల్లో మిర్చి మీద పట్టలు కప్పారు" అని ఉంది. ఆ బిడ్డ సంగతి అందులోనూ రాయలేదు.

ఇద్దరం రిటైరయ్యాం. నేను ఆమెను అక్కా అనడం మొదలుపెట్టాను. నవజాత శిశువుల వార్డులు వచ్చాయి. ఆమె కూతురు చనిపోతే మనుమరాలిని తనే పెంచి, ఇంటరు చదివించి, లారీ డ్రైవరుకిచ్చి పెళ్ళి చేసింది. మా వీధి చివర ఇల్లు. పొద్దున్నే మా గేటు దగ్గర ఆగి, "ఏమయ్యా కిలో గుమాస్తా, ఈ పూటకి ఉన్నావా?" అని అడిగి పోయేది. నా భార్య పోయాక ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే.

మనుమరాలికి ఆరు నెలలు దాటి మూడు వారాలకు నొప్పులొచ్చాయి. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆడపిల్ల. ఏడు వందల ఎనభై గ్రాములు. ఆయమ్మ ఫోనులో చెప్పిన మాటలు ఇవి: "నా అరచెయ్యి నిండలా. మా రోజుల్లో అయితే పత్తి కూడా తెచ్చేదాన్ని కాదయ్యా. ఇక్కడ పదిమంది చుట్టూ నిలబడ్డారు. ఈ పూటకి ఉంది."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ఫోను. ముక్కులో గొట్టం పెట్టి గాలి పంపిస్తున్నారట. పాలు గొట్టంలోంచి అర మిల్లీ, మిల్లీ చొప్పున పోస్తున్నారట. మొదటి పది రోజులు బరువు తగ్గింది. తర్వాత కొద్దికొద్దిగా ఎక్కింది. గొట్టం తీశాక నర్సులు బిడ్డను మనుమరాలి గుండెల మీద పెట్టడం నేర్పబోతే ఈవిడ తానే నేర్పింది. మనుమరాలు అన్నం తినడానికి లేస్తే బిడ్డ ఈవిడ రొమ్ముల మధ్యకు వచ్చేది.

"పత్తి ఒకటే లేదు. మిగతాదంతా నేను చేసిందే. ఇప్పుడు దానికేదో పేరు పెట్టారు."

"బరువెంత ఇవ్వాళ?"

"ఎనిమిదొందల నలభై. వాళ్ళ మిషను ఎనిమిదొందల ముప్పై ఆరంది. పాపం, దానికి అనుభవం లేదు."

ఆ నెలలో ఆమె గొంతులో ఎప్పుడూ లేని ఒక ధ్వని విన్నాను. ఆశ అని రాయడానికి భయపడ్డాను. ఏం రాసినా బిడ్డ ఉండదనిపించింది. డైరీలో బిడ్డ గురించి ఒక్క ముక్క రాయలేదు. బిడ్డ పుట్టిన రోజు పేజీలో "ఎండ. పాలతను రాలేదు" అని మాత్రమే రాసుకున్నాను.

ముప్పై అయిదో రోజు సాయంత్రం ఐదింటికి బదులు నాలుగింటికే ఫోను వచ్చింది.

"ఏమయ్యా కిలో గుమాస్తా! దాటింది! వెయ్యీ పది. నా చెయ్యీ వెయ్యీ పదంది, మిషనూ వెయ్యీ పదంది. ఇప్పుడన్నా రాస్తావా? ఇంకో పావుకిలో కావాల్నా?"

నవ్వాను. డైరీ తీశాను.

"రాశావా?"

"రాశాను."

"చదువు."

"పాప పుట్టింది."

"అదీ. ఇంకోసారి చదువు."

ఇంకోసారి చదివాను. అవతల ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి దుర్గి మనిషికి ఇవ్వని కాగితం ఆ రోజు ఇచ్చినట్టు అనిపించింది నాకు. ఇంతకంటే సంతోషంగా నేను ఏ డైరీలోనూ ఏదీ రాయలేదు. ఆ రెండు మాటలే పాప కళ్ళు తీశాయి.

అరవై నాలుగో రోజున కిలోన్నర బరువుతో పాపను ఇంటికి తెచ్చారు. మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది.

"కళ్ళ డాక్టరు ఆసుపత్రిలోనే రెండుసార్లు చూశాడయ్యా. ఇట్టా తొందరపడ్డోళ్ళకి కంటి లోపల నరాలు సరిగ్గా పెరగవంట, అడ్డదిడ్డంగా పోతయ్యంట. పుట్టిన డెబ్బయ్యో రోజున కచ్చితంగా మళ్ళీ చూడాలంట. అవసరమైతే ఏదో లైటు కొట్టి ఆపుతారంట. ఆలస్యం చెయ్యొద్దని మరీ మరీ చెప్పాడు. ఆ రోజు ఎప్పుడొస్తదో లెక్కేసి రాసియ్యి. ఫైలు ఇంట్లో ఉంది, తెమ్మంటావా?"

"ఎందుకు? తేదీ నా దగ్గరే ఉంది" అన్నాను.

డైరీ పేజీలు వెనక్కి తిప్పాను. "పాప పుట్టింది." అక్కడి నుంచి లెక్కపెట్టాను. నా అలవాటు ప్రకారం రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకే తేదీ వచ్చింది. తెల్ల అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను.

ఆమె వేళ్ళు మడిచి చూసుకుంది. "ఇంకా నలభై రోజులుందా? వచ్చే వారమే అనుకుంటన్నానే."

"డెబ్బై రోజులంటే ఎన్ననుకున్నావు? లెక్క నాకొదిలెయ్యి. బరువు చెప్పడం నీ పని, తేదీ చెప్పడం నా పని."

"అదీ నిజమేలే" అని అట్టముక్క కొంగున ముడేసుకొని వెళ్ళింది.

పాప రెండు నెలలు పైగా ఆసుపత్రిలో ఉందని నాకు తెలుసు. రోజూ ఫోను ఎత్తింది నేనే. కాగితం మీద ఉన్నది కళ్ళకు కనిపిస్తే బుర్రలో ఉన్నదాన్ని అడగకుండా ముప్పై నాలుగేళ్ళు బతికాను. ఆ రోజూ అడగలేదు.

ఆసుపత్రి నుంచి ఫోను రాలేదా అని తర్వాత విచారించాను. వచ్చింది. ఫైలులో రాసిన నంబరు మనుమరాలి భర్తది. అతను లారీ మీద ఎక్కడో ఉన్నాడు. "మా అమ్మమ్మ గుమాస్తా గారితో తేదీ రాయించింది మేడం, ఆ రోజుకి వస్తాం" అన్నాడట. ఆ అట్టముక్క వాళ్ళింట్లో గోడ క్యాలెండరుకు గుచ్చి ఉంది. నా చేతిరాత బాగుంటుంది.

తేడా మొదట కనిపెట్టింది ఆమే. "నా మొహం చూడదయ్యా. గొంతు ఎటుంటే అటు తిరుగుద్ది. తలుపు తీస్తే వెలుగుకి కన్ను చిట్లించదు" అంది. తేదీ ఇంకా నాలుగు రోజులుంది కదా, డాక్టరు చూస్తాడులే అన్నాను.

ఆ తేదీకి గుంటూరు వెళ్ళారు. కంటి వెనక పొర రెండు వైపులా ఊడిపోయిందని చెప్పారు. నెల రోజుల కిందట వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్ళమన్నారు. హైదరాబాదు తీసుకువెళ్ళి ఒక కంటికి ఆపరేషను చేయించారు. ఏమీ మారలేదు.

గుంటూరు నుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు.

"డైరీ తియ్యి. ఎక్కడి నుంచి లెక్కేశావో చదువు."

చదివాను.

"అది కిలో దాటిన రోజు."

"అవును."

"పుట్టిన రోజు తీసి చదువు."

"ఎండ. పాలతను రాలేదు."

"దాన్ని రాయలా?"

"రాయలేదు."

"ఎందుకని?"

నా నోటికి వచ్చిన జవాబు నలభై ఏళ్ళ కిందటిదే. చెప్పనక్కరలేదు, ఆమెకు వినిపించింది. చాలాసేపు ఆ పుస్తకం వంక చూసింది. ఆమెకు చదువు రాదు.

"మూసెయ్యి. తేదీ నేనే మర్చిపోయి నీకు తప్పు చెప్పానని నా మనుమరాలితో చెప్పుకుంటా."

"వద్దు అక్కా. నేనే వచ్చి చెప్తాను."

"నోరు ముయ్యి. నన్ను తిడితే తిడుద్ది, ఎక్కడికి పోద్ది? నిన్ను తిడితే నీ గడప తొక్కదు. ఆ గుడ్డిపిల్లకి బతికినన్నాళ్ళూ కాగితాలే. సర్టిఫికెట్టని, పింఛనని, బడని. మొగుడు లారీ మీద ఉంటాడు. ఎవరు రాసిపెడతారు? నువ్వున్నన్నాళ్ళన్నా నువ్వు రాసిపెట్టు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తేలిక అయింది. ఆ సంగతి కూడా రాయాలి.

మనుమరాలు ఆమెను తిట్టలేదు. అంతకంటే ఘోరం చేసింది. "నా బిడ్డను ముట్టుకోవద్దు" అంది. ఒకే ఇల్లు, రెండు గదులు. ఆ రోజు నుంచి ఆయమ్మ ఆ బిడ్డను ఎత్తుకోలేదు. పాపకు మెడ ఎనిమిదో నెలకు గాని నిలబడలేదు. కూర్చునేసరికి ఏడాది దాటింది. ఇవన్నీ ఆమె గడప అవతల నుంచి చూసి నాకు చెప్పేది. బరువెంత అని నేను అలవాటు కొద్దీ అడిగాను ఒకసారి. "నాకేం తెలుసు" అంది.

కిందటి ఎండాకాలం ఒక పొద్దున ఆమె మా గేటు దగ్గర ఆగలేదు. పక్కవీధి ఆడవాళ్ళతో కలిసి, నెత్తిన తువ్వాలు చుట్టుకొని, మిర్చి తొడిమలు తీసే కూలికి పోతూ కనిపించింది. సాయంత్రం వెళ్ళాను. అరుగు మీద కూర్చుని మజ్జిగన్నంలో పచ్చడి చేత్తో కలుపుకుంటోంది. వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏంటక్కా ఈ పని?"

"చేతులతో ఇంకేం పనుంది నాకు?"

లోపల గదిలో పాప ఆమె గొంతు విని ఇటు తిరిగినట్టుంది. ఊ అని శబ్దం చేసింది. ఆమె ముద్ద నోట్లో పెట్టుకొని నమిలింది. ఈ ఏడాది కూడా కల్లాలు మొదలవగానే కూలికి పోయింది. మార్చి మొదట్లో జ్వరం పట్టుకుంది. దగ్గుతో మంచాన పడింది.

వారం కిందట చూడటానికి వెళ్ళాను. మనుమరాలు నీళ్ళకు పోయింది. ఎలా ఉందక్కా అని అడిగితే "ఈ పూటకి ఉన్నా" అంది. ఇప్పుడైనా మనుమరాలికి నిజం చెప్పేస్తానన్నాను.

"సర్టిఫికెట్ వచ్చిందా?"

"లేదు. పన్నెండో తేదీ నరసరావుపేటలో వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు."

"వచ్చినాక ఊరంతా చాటుకో. ముందు రాసిపెట్టు." గోడ వైపు తల తిప్పి, "అది నా గొంతుకి తిరుగుద్దయ్యా. గోడవతల నుంచి దగ్గినా తిరుగుద్ది. అందుకని దగ్గు ఆపుకుంటన్నా" అంది.

నాకు ఆమె చెప్పిన చివరి మాట అదే. మంగళవారం తెల్లవారుజామున పోయింది.

సమాధి దగ్గర మనుమరాలు ఏడవలేదు. పిడికెడు మట్టి వేసి పాపను ఇంకో చంకకు మార్చుకుంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పాప మొహం అటూ ఇటూ తిప్పుతూ వెతికింది. హెడ్ నర్సు నా చెవిలో, "ఎన్ని పసిగుడ్లను బతికించిన మనిషి, సొంత బిడ్డ దగ్గర తేదీ మర్చిపోయింది చూడండి" అంది. నేనూ వంగి పిడికెడు మట్టి వేశాను.

మార్చి పన్నెండు, గురువారం. ఉదయం ఏడున్నర. మనుమరాలు పాపను ఎత్తుకొని మా ఇంటికి వచ్చింది. చేతిలో క్యాంపు దరఖాస్తు.

"తాతయ్యా, దీన్ని నింపి పెట్టండి. ఎనిమిదిన్నర బస్సు అందుకోవాలి. అమ్మమ్మ పోయిందని క్యాంపు ఆగదుగా."

కళ్ళజోడు పెట్టుకున్నాను. పేరు రాశాను. తండ్రి పేరు రాశాను. తర్వాతి గడి పుట్టిన తేదీ. అక్కడ ఆగాను.

"పాప పుట్టిన తేదీ చెప్పమ్మా."

"మీ డైరీలో ఉంటది కదా. అమ్మమ్మ ఎప్పుడూ అనేది, అన్నీ మీ పుస్తకంలో ఉంటయ్యని."

సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఆయమ్మ మాట ప్రకారం ఇంకొంత కాలం ఆగాలి. లేచి ఆ ఏడాది డైరీ తెచ్చాను. రెండు పేజీలూ తీసి ఆమె ముందు పెట్టాను. ఏ పేజీ నుంచి లెక్కపెట్టానో వేలితో చూపించాను. ఫైలు తెస్తానని ఆయమ్మ అంటే అక్కరలేదన్నది నేనేనని చెప్పాను. ఇంకా నలభై రోజులా అని ఆమె అనుమానపడితే వేళాకోళం చేసింది కూడా నేనేనని చెప్పాను.

మనుమరాలు రెండు పేజీలూ చదివింది. మొదటిది మళ్ళీ చదివింది.

"అమ్మమ్మకి తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

"మరి నేను పదిహేను నెలలు..." అని ఆగింది. పాపను కిందికి దించబోయి, మళ్ళీ ఎత్తుకుంది.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి చాపింది.

"పెన్ను ఇటియ్యండి."

ఇచ్చాను. పాపను ఎడమ చంకలో ఉంచుకొనే, నా బల్ల మీద వంగి, పుట్టిన తేదీ గడిలో తానే రాసింది. మిగిలిన గడులూ తానే నింపింది. ఒక చోట కొట్టివేసి దిద్దింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులు మాత్రం లేవు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పెన్ను కూడా అందులోనే పడింది. నేను అడగలేదు.

"జాగ్రత్తమ్మా" అన్నాను గేటు దగ్గర.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. వీధి మలుపు దాకా, తల్లి భుజం మీది నుంచి, పాప మొహం మాత్రం నా గొంతు వినబడిన వైపే ఉంది.